సంస్కరణ వాళ్లది, లెక్క మనది

(గన్‌ఫౌండ్రీలో ఉద్యోగులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాలనా సంస్కరణలు, వాటి ఫలితాలు అనంగానే ఇది మన ముచ్చట కాదు, సెక్రటేరియట్‌లో ఐఏఎస్‌లు, కన్సల్టెంట్లు మాట్లాడుకునేది అనుకుంటాం. కానీ పట్టాదారు పాస్‌బుక్కులో తండ్రి పేరు తప్పు పడితే అది సంస్కరణ ఫలితమే. కరెంటు బిల్లు పెరిగితే అది సంస్కరణ ఫలితమే. పక్క జిల్లాకు బదిలీ అయిన పంతులమ్మ రోజూ రెండు బస్సులు మారుతుంటే అది కూడా సంస్కరణ ఫలితమే. ఫలితం మన ఇంట్లో ఉంటుంది, దాని మీద నివేదిక మాత్రం వాళ్ల ఆఫీసులో తయారవుతుంది. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉన్నదో కొలవడమే ఈనాటి మన పని.

మనం కూర్చున్న జాగా కూడా ఈ ముచ్చటకు తగిందే. ఇది తోప్ కా సాంచా. 18వ శతాబ్దం చివర్లో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోతపోయించాడు. అందుకే ఆ పేరు. సాంచా ఎట్లుంటే ఫిరంగి అట్లనే వస్తుంది. సాంచా ఎవరు చేశారన్నది చూడకుండా ఫిరంగి వంకర గురించి మాట్లాడితే లాభం లేదు. ఈ సాంచా చుట్టూ ఒక్క చక్కర్ కొడితే చాలు, సంస్కరణల చరిత్ర మొత్తం కనిపిస్తుంది. ఇటు నిజాం కాలేజీ, దాన్ని దాటితే బషీర్‌బాగ్. అటు నాంపల్లిలో సర్కారు నౌకరీలకు పరీక్షలు పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్. ఈ గన్‌ఫౌండ్రీలోనే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ పెద్దాఫీసు ఉండేది. 1942లో మొదలైన ఆ బ్యాంకు 75 ఏండ్లు నడిచి 2017 ఏప్రిల్ 1న పెద్ద బ్యాంకులో కలిసిపోయింది. అది కూడా సంస్కరణ పేరు మీదనే జరిగింది.

ముందు పాత ముచ్చట ఒకటి. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ మన గడ్డ మీద తొలి పెద్ద పాలనా సంస్కర్త. ఆయన రాకముందు శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేవాళ్లు. గుత్తేదారు సర్కారుకు ఇంత కడితే చాలు, రైతు దగ్గర ఎంత పిండుకున్నా అడిగే దిక్కు లేదు. సాలార్‌జంగ్ ఆ పద్ధతిని తీసేసి, 1865లో జిలాబందీ తెచ్చి, జిల్లాలు కట్టి, జీతం తీసుకునే అధికారులను పెట్టాడు. ఖజానా కుదుటపడింది. ఇది మంచి ఫలితం, కాదనేది లేదు.

కానీ ఆ కుర్చీలలో కూర్చున్నదెవరు? కొత్త పాలన నడపడానికి ఉత్తర హిందుస్థాన్ నుంచి చదువుకున్నోళ్లను పిలిపించారు. ఇక్కడోళ్లు చదువుకొని పైకి వచ్చేసరికి కుర్చీలు నిండిపోయి ఉన్నాయి. ముల్కీ, గైర్ ముల్కీ తగాదా అక్కడ పుట్టింది. 1919లో నిజాం ఫర్మానా ఇచ్చినా తెగలేదు. 1952లో గైర్ ముల్కీ గో బ్యాక్ అని రోడ్డెక్కిన విద్యార్థుల మీద సిటీ కాలేజీ కాడ కాల్పులు జరిగాయి. అంటే ఖజానా లెక్కలో నెగ్గిన సంస్కరణ మనుషుల లెక్కలో వందేండ్ల పుండును మిగిల్చింది. సంస్కరణను కొలిచే ఏ పుస్తకంలోనైనా ఈ రెండో లెక్క రాశారా అని చూడటం మనకు చరిత్ర నేర్పిన అలవాటు.

ఇక మనకు తెలిసిన కాలానికి వద్దాం. 1995 నుంచి 2004 దాకా ఉమ్మడి రాష్ట్రం సంస్కరణల ప్రయోగశాలగా ఉన్నది. 1997లో జన్మభూమి. 1998లో ప్రపంచ బ్యాంకు ఆర్థిక పునర్వ్యవస్థీకరణ ప్రాజెక్టు కింద 54 కోట్ల డాలర్లకు పైగా అప్పు. 1999లో మెకిన్సీ కంపెనీ సాయంతో రాసిన విజన్ 2020. బిల్ క్లింటన్ 2000 మార్చిలో హైదరాబాద్ వచ్చి చూసిపోయాడు. పత్రికల నిండా పొగడ్తలు. అప్పుడు మా తరం బడిపిల్లలు. పెద్దయి ఈ వృత్తిలోకి వచ్చినంక ఆ కాలపు కాగితాలను మేం తిరగేస్తే కనిపించింది ఒక్కటే. పనులు మొదలుపెట్టిన లెక్క గుట్టలు గుట్టలుగా ఉంది. ఎన్ని కంప్యూటర్లు, ఎన్ని సభలు, ఎన్ని సేవాపత్రాలు అని. జనం బతుకులో ఏం మారింది అన్న లెక్క కోసం మాత్రం వెతుక్కోవాలి.

అయితే ఆ కాలంలో నిజాయితీగా కొలిచినోళ్లు లేకపోలేదు. రెండు ఉదాహరణలు పక్కపక్కన పెడదాం. రెండింటినీ పరిశీలించింది ఒకరే, జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు.

మొదటిది రిజిస్ట్రేషన్ ఆఫీసుల కంప్యూటరీకరణ. దాన్ని కార్డ్ అన్నారు. 1998 నవంబరులో మొదలైంది. అంతకుముందు దస్తావేజును గుమాస్తా చేత్తో రిజిస్టరులోకి ఎక్కించేవాడు. ఈసీ కావాలంటే పాత బుక్కులు తిరగేసేదాకా రోజుల తరబడి తిరగాలి. కార్డ్ వచ్చినంక రిజిస్ట్రేషన్ గంటలో, ఈసీ నిమిషాలలో అన్నారు. అవినీతి పోయిందని దేశదేశాలలో చెప్పుకున్నారు. కేస్లీ పరిశీలన 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఆయన తేల్చింది ఏమిటంటే, కంప్యూటరు వచ్చింది కానీ మామూలు పోలేదు. దస్తావేజు రాసే దళారి కూడా ఎక్కడికీ పోలేదు.

ఎందుకు పోలేదో మనకు తెలియనిది కాదు. యంత్రం వచ్చింది గుమాస్తా చెయ్యి బదులు. సంతకం పెట్టే చెయ్యి అదే. జాగా విలువ మీద, కాగితం సరిగ్గా ఉందా లేదా అన్నదాని మీద చెప్పే మాట అదే చేతిలో ఉంది. ఆ చెయ్యి అడ్డం పడితే పౌరుడు ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకునే తొవ్వ లేనప్పుడు దళారి కాడికి పోవడమే మిగులుతుంది. కంప్యూటరు పని గంటను తగ్గించింది, ఆఫీసుకూ మనిషికీ మధ్య ఉన్న ఎక్కువ తక్కువను తగ్గించలేదు.

రెండోది హైదరాబాద్ జలమండలి. 1989లో ఏర్పడిన ఈ బోర్డు ఆ తర్వాత పౌర సేవాపత్రం తెచ్చింది. కొత్త కనెక్షన్‌కు పది టేబుళ్ల చుట్టూ తిరిగే బదులు ఒక్క కిటికీ పెట్టింది. నల్లా రాకపోయినా, మోరీ పొంగినా ఫోన్ చేసి చెప్పుకునే కేంద్రం పెట్టింది. చెప్పిన ఫిర్యాదు రికార్డు అవుతుంది, ఎన్ని రోజులలో తీర్చారో పైఅధికారికి కనబడుతుంది. దీని మీద 2003లో రాసిన పత్రంలో కేస్లీ చెప్పింది, ఇక్కడ పని నిజంగనే మెరుగుపడింది అని. ఎందుకు? పౌరుడు, కింది ఉద్యోగి, పైఅధికారి, ఈ ముగ్గురూ ఒకరికొకరు జవాబు చెప్పుకునే లంకె పడింది. మోరీ పొంగిన సంగతి పైఅధికారికి లైన్‌మన్ చెప్తేనే తెలిసే రోజులు పోయి, గల్లీలో ఉన్న మనిషే చెప్పే రోజులు వచ్చాయి.

ఒకే నగరం, ఒకే ముఖ్యమంత్రి, ఒకే కాలం. ఒకటి తప్పింది, ఒకటి నెగ్గింది. దీన్ని బట్టి రెండు మాటలు అర్థం చేసుకోవాలి. సంస్కరణ అంటేనే మోసం అని కొట్టిపారేయడం కుదరదు. సంస్కరణ అంటేనే మేలు అని చప్పట్లు కొట్టడమూ కుదరదు. అడగాల్సింది ఒక్కటే, దీంతోని కౌంటరుకు ఇవతల నిలబడ్డ మనిషికి బలం పెరిగిందా లేదా?

జలమండలి ముచ్చటలో కూడా ఒక మెలిక ఉంది. నల్లా కనెక్షన్ ఉన్నోడే ఫోన్ చేసి అడుగుతాడు. కనెక్షనే లేని బస్తీ మనిషి ట్యాంకరు కాడ బిందె పట్టుకొని నిలబడతాడు, ఆయనకు ఫిర్యాదు నంబరు ఉండదు. ఈ సంగతి యాదిలో పెట్టుకోండి, ముందుకు పోయినంక మళ్లీ తగులుతుంది.

మూడో ఉదాహరణ కోసం దూరం పోనక్కర లేదు, బషీర్‌బాగ్ దాకా పోతే చాలు. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేశారు. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోగా చీల్చారు. ఆ నెలలోనే ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పుకు ఒప్పుకుంది. ఆ తర్వాత నాలుగు పంపిణీ కంపెనీలు వచ్చాయి. నియంత్రణ మండలి వచ్చి బహిరంగ విచారణలు మొదలుపెట్టింది. ఆ విచారణలు మంచివే. బోర్డు జమాఖర్చుల మీద మామూలు మనిషి నిలబడి ప్రశ్న అడిగే వీలు అంతకుముందు లేదు. ఆ వీలును వాడుకొని రైతు సంఘాలు, మేధావులు ఏండ్ల తరబడి వాదించారు.

కానీ సంస్కరణ కొలబద్దలో ఏముంది? లైన్ల నష్టం ఎంత తగ్గింది, వసూలు ఎంత పెరిగింది, సర్కారు రాయితీ ఎంత తగ్గింది. అందులో మన బాయి లేదు. కృష్ణా, గోదావరి డెల్టాలో కాలువ నీళ్లు పారిన మడికి కరెంటు మోటరు అక్కర లేదు. తెలంగాణ రైతుకు కాలువ రాలేదు కాబట్టి సొంత పైసలతో బాయి తవ్వుకున్నాడు, బోరు ఏసుకున్నాడు. అక్కడ నీటి తీరువా అంటే కాలువ పన్ను, ఇక్కడ నీటి తీరువా అంటే కరెంటు బిల్లు. ఒక్క రేటు పెంచితే రెండు ప్రాంతాల మీద రెండు రకాల దెబ్బ పడుతుంది. ఏ కన్సల్టెంటు కాగితంలో ఈ వాక్యం ఉంది?

2000లో చార్జీలు పెంచారు. ఆగస్టు 28న చలో అసెంబ్లీ అని కదిలిన జనం మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. నివేదికలలో వసూలు అంకెలుంటాయి కానీ ఈ ముగ్గురు ఏ కాలమ్‌లోకి వస్తారు? నాలుగేండ్లకు జనం ఓటుతో లెక్క కట్టారు. 2004 మే 14న కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం ఉచిత కరెంటు మీద పెట్టాల్సి వచ్చింది. తెలంగాణ వచ్చినంక 2018 జనవరి 1 నుంచి ఎవుసానికి 24 గంటల కరెంటు ఇచ్చారు. అంటే 1999లో రాసుకున్న కొలబద్దలో రైతును మరిచిన పాపానికి, ఆ తర్వాత వచ్చిన ప్రతి సర్కారూ రైతును మొదటి వరుసలో రాసుకోక తప్పలేదు.

నాలుగోది మన కార్ఖానాలు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నెలకొన్న నిజాం చక్కెర ఫ్యాక్టరీ పేరు తెలంగాణలో తెలియనోళ్లు ఉండరు. ప్రభుత్వరంగ సంస్కరణ పేరుతో 2002లో 51 శాతం వాటాను ప్రైవేటు కంపెనీకి కట్టబెట్టారు. ఆనాటి నివేదికలో అది సఫలమైన సంస్కరణ. ఎందుకంటే అమ్మడమే లక్ష్యం, అమ్మారు, గీత కొట్టారు. ఆ తర్వాత చెరుకు రైతు ఏమయ్యాడు, కార్మికుడు ఏమయ్యాడు అన్నది ఆ లెక్కలోకి రాదు. ఉద్యమంలో మనం ఊరూరా చెప్పుకున్న దగా ముచ్చట్లలో ఇది ముందువరుసలో ఉండేది. చేదు నిజం ఏమిటంటే, ఆ ఫ్యాక్టరీకి తాళం పడింది 2015 డిసెంబరులో, మన రాష్ట్రం వచ్చి ఏడాదిన్నర దాటినంక. అమ్మినోళ్ల పేరు ఎంత గట్టిగా అడిగామో, కాపాడలేనోళ్ల పేరు కూడా అంతే గట్టిగా అడగాలి. రాష్ట్రం మనదైతే లెక్క మాఫీ అయిపోదు.

ఉద్యోగ మిత్రులు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి మీ ముచ్చట విడిగా చెప్పాలి. 1985 డిసెంబరు 30న వచ్చిన 610 జీవోను మించిన పాఠం ఎక్కడుంది? రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా తెలంగాణ జోన్లలోకి వచ్చినోళ్లను 1986 మార్చి 31 లోపల వెనక్కి పంపాలని అందులో రాశారు. 58,962 అన్న అంకె ఉద్యమకాలంలో ప్రతి ఉద్యోగికి నోటికొచ్చిందే. గడువు ఎన్నడు దాటింది? అమలు కాలేదని తేల్చడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వెయ్యాల్సి వచ్చింది. అంటే మూడు నెలల గడువు పెట్టిన జీవోకు ఫలితం ఏమైందో చూసే పని పదిహేనేండ్ల తర్వాత మొదలైంది. కొలిచేవాడు లేని ఉత్తర్వు వట్టి కాగితం అనడానికి ఇంతకన్నా సాక్ష్యం వద్దు.

మరి మన రాష్ట్రంలో? 2016 దసరా నాడు 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది, అది మంచిదే. పాత ఆదిలాబాద్‌లో ఒక మూల నుంచి జిల్లా కేంద్రానికి పోయి రావడం ఎంత గోసనో పోయినోళ్లకే తెలుసు. కానీ కొత్త జిల్లాలకు ఉద్యోగులను పంచడానికి 2021 డిసెంబరులో 317 జీవో వచ్చింది. సీనియారిటీని చూశారు, స్థానికతను చూడలేదని వేలమంది మొరపెట్టుకున్నారు. పుట్టిన జిల్లాకు పరాయి అయిన పంతుళ్లు, చెరో జిల్లాలో పడ్డ భార్యాభర్తలు ఎందరో. స్థానికత కోసం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో స్థానికత కోసం మళ్లీ ధర్నా చెయ్యాల్సి రావడం మామూలు సంగతి కాదు. జిల్లాలు ఎన్ని అయ్యాయి అన్నది పని లెక్క. ఆ జిల్లాలో కొలువు ఎవరికి దక్కింది, కొలువు చేసే మనిషి కుదురుగా ఉన్నాడా అన్నది ఫలితం లెక్క. సాలార్‌జంగ్ నాడు మరిచిన లెక్క ఇదే.

ఇక అందరి ఇండ్లలోకి వచ్చిన ధరణి. దీనికి ముందు కథ ఉంది. 1984లో ఎన్టీఆర్ సర్కారు పటేల్, పట్వారీలను తీసేసింది. ఏండ్ల పెత్తనం ఒక్క దెబ్బకు పోయింది, జనం సంబురపడ్డారు. 1985లో మండలాలు వచ్చాయి. పట్వారీ బదులు ఊళ్లో జీతగాడు వచ్చాడు, ఆయన పేరు కాలానికో తీరు మారింది. 2020 సెప్టెంబరులో ఆ వీఆర్వోలను కూడా తీసేశారు. అక్టోబరు 29న ధరణి మొదలైంది. తహసీల్దారు ఆఫీసులోనే రిజిస్ట్రేషన్, అప్పటికప్పుడే మ్యుటేషన్. రికార్డు సాఫుగా ఉన్నోళ్లకు పని తొందరగా అయింది. అది ఒప్పుకోవాలి.

కానీ రికార్డు సాఫుగా లేనోళ్ల సంగతేమిటి? 2017లో జరిగిన భూరికార్డుల ప్రక్షాళనలో పార్ట్ బీలో పడ్డ భూములు, నిషేధిత జాబితాలోకి ఎక్కిన పట్టా భూములు, సాదా బైనామాలు, విస్తీర్ణం తగ్గినవి, పేరు తప్పు పడ్డవి. వీటిని దిద్దే అధికారం ఊళ్లో ఎవరికీ లేదు, మండలంలో లేదు. కలెక్టర్ కాడికి, లేకుంటే సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. రెండెకరాల రైతు సివిల్ కోర్టుకు పోతే ఎకరం వకీలుకే పోతుంది. అనుభవదారు కాలమ్ తీసేశారు కాబట్టి కౌలురైతు కాగితంలో కనిపించకుండా పోయాడు.

అయినా సర్కారు నివేదికలలో ధరణి గొప్పగానే ఉండేది. ఇన్ని లక్షల లావాదేవీలు జరిగాయని చెప్పేవాళ్లు. ఆ అంకె అబద్ధం కాదు. కానీ స్లాటు దొరికినోళ్లే ఆ అంకెలో ఉన్నారు. స్లాటు బుక్ చేద్దామంటే తన సర్వే నంబరే తెర మీద కనిపించనోడు ఆ అంకెలో లేడు. జలమండలికి ఫోన్ చెయ్యలేని బస్తీ మనిషిని యాదిలో పెట్టుకొమ్మని అన్నాం కదా, ఈయన ఆయన అన్నదమ్ముడే. కౌంటరు దాటి పోయినోళ్లను లెక్కపెట్టడం అలవాటైంది, కౌంటరు కాడికి రాలేనోళ్లను లెక్కపెట్టే పద్ధతి లేదు. మన సంస్కరణల జబ్బంతా ఈ ఒక్క మాటలో ఉంది.

2025లో భూభారతి చట్టం వచ్చింది. ఆర్డీవోకు, కలెక్టర్‌కు అప్పీలు చేసుకునే తొవ్వ పెట్టారు. గ్రామ పాలన అధికారుల పేరుతో ఊరికి మళ్లీ రెవెన్యూ మనిషిని పంపారు. అంటే 1984 నుంచి 2025 దాకా ఒక్క పని కోసం తీసెయ్యడం, పెట్టడం, మళ్లీ తీసెయ్యడం, మళ్లీ పెట్టడం జరిగింది. ప్రతిసారి పాతది పాడుగుంది అన్నారు. ప్రతిసారి కొత్తది బాగుంటుంది అన్నారు. తీసేసే ముందు దాని ఫలితం ఏమిటో, పెట్టినంక దీని ఫలితం ఏమిటో జనం ముందర పెట్టిన సర్కారు ఒక్కటీ లేదు.

ఇది మన ఒక్కరి గోస కూడా కాదు. ఈ సాంచాకు పుట్టిల్లు బ్రిటన్, న్యూజిలాండ్. 1980లలో థాచర్ కాలం నుంచి బ్రిటన్‌లో సర్కారును కంపెనీలాగా నడపాలన్న సంస్కరణలు వరుసపెట్టి వచ్చాయి. పౌర సేవాపత్రం అన్నది కూడా 1991లో అక్కడ పుట్టిందే. ముప్పై ఏండ్లలో ఏం సాధించారని క్రిస్టఫర్ హుడ్, రూత్ డిక్సన్ అనే ఇద్దరు ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లెక్క తీశారు. 2015లో పుస్తకం వచ్చింది. పాలన ఖర్చు తగ్గలేదు, ధరల పెరుగుదల తీసేసి చూసినా పెరిగింది. జనం ఫిర్యాదులు, కోర్టు కేసులు కూడా పెరిగాయి. పుట్టింట్లోనే పరీక్ష తప్పిన సరుకును పరాయి దేశాలకు అప్పుతో కలిపి అమ్మారన్నమాట. ఇంకో సంగతి, ఆ లెక్క తియ్యడానికే వాళ్లు చాలా కష్టపడ్డారు. ఎందుకంటే మధ్యమధ్యల లెక్కగట్టే పద్ధతినే మార్చుకుంటూ పోయారు, నిరుటి అంకెకు ఈయేటి అంకెకు పొంతన కుదరదు. మన దగ్గర కూడా శాఖల పేర్లు, పథకాల పేర్లు, పోర్టళ్ల పేర్లు మారుతూనే ఉన్నాయి కదా, దాని ఫలం కూడా అదే.

మరి జనం కొలవగలరా? అది చదువుకున్నోళ్ల పని కదా అనేటోళ్లకు మన గడ్డ మీది జవాబే ఉంది. 2001లో మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో ప్రజాతీర్పు జరిగింది. సన్నకారు రైతులు, అందులో ఎక్కువగా ఆడవాళ్లు, జ్యూరీగా కూర్చున్నారు. విజన్ 2020ని వాళ్ల ముందర పెట్టారు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీలవాళ్లు సాక్ష్యం చెప్పారు. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి పి.బి. సావంత్ ఆధ్వర్యంలోని మండలి విచారణ సక్రమంగా సాగిందా అని చూసింది. ఎవుసం మీద బతికేటోళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గిస్తామన్న మాట విని ఆ తల్లులు అడిగింది ఒక్కటే, మిగతావాళ్లు ఎక్కడికి పోవాలి? ఆ విజన్‌ను వాళ్లు తిరగ్గొట్టారు. ఆ తీర్పు 2002లో లండన్‌దాకా పోయి, సాయం చేసే బ్రిటన్ సర్కారు శాఖను ఇరుకున పెట్టింది. 2020 వచ్చింది, పోయింది. ఆ పుస్తకం రాసినోళ్లు మళ్లీ వచ్చి లెక్క చెప్పలేదు. ప్రశ్న అడిగిన తల్లుల మాట మాత్రం నిలబడే ఉంది.

ఇంకో నమూనా ఉపాధిహామీ సామాజిక తనిఖీ. 2006 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఊరి యువకులే మస్టర్ రోల్స్ పట్టుకొని ఇంటింటికి పోయి, నువ్వు ఇన్ని దినాలు పనికి పోయినవా, ఇన్ని పైసలు ముట్టినాయా అని అడిగి, గ్రామసభలో చదివి వినిపించారు. చనిపోయినోళ్ల పేరు మీద కూలీ ఎత్తిన ముచ్చట్లు బయటపడ్డాయి. తేలిన సొమ్ములో వసూలైంది కొంతనే, అది నిజం. కానీ కాగితం మీది అంకెను ఊరి నడుమ నిలబెట్టి, నువ్వు నిజమా అబద్ధమా అని అడగవచ్చని కూలీ మనిషికి తెలిసింది. ఆ తెలివిడి చిన్నది కాదు.

ఉద్యోగ మిత్రులు కోపం తెచ్చుకోకుండా ఒక మాట వినాలి. ప్రతి సంస్కరణా మిమ్మల్ని దొంగలుగా చూపించి మొదలవుతుంది. అది అన్యాయం. ఖాళీలు నింపరు, ఇద్దరి పని ఒక్కరితో చేయిస్తారు, సర్వర్ పనిచెయ్యకపోతే తిట్లు మీకు. కానీ దానికి జవాబు మమ్మల్ని కొలవొద్దు అనడం కాదు. మేమే కొలుస్తాం, మా ఆఫీసులో ఎన్ని దరఖాస్తులు ఎందుకు ఆగినయో మేమే గోడకు అతికిస్తాం, ఖాళీలు ఎన్నో పక్కనే రాస్తాం అనడం. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో జనం మీ వెంట నిలబడ్డారు. కిరాణా కొట్టు బందు పెట్టారు, బస్సు లేకున్నా ఓర్చుకున్నారు. మేం ఆ రోజుల్లో ఆ రోడ్ల మీదనే ఉన్నాం, కళ్లారా చూశాం. ఆ బాకీ తీరేది కౌంటరు కాడనే.

విద్యార్థులకు చెప్పేది ఇంకొకటి. మీలో ఎవరు ఏ ఊరోళ్లైనా సెలవులకు ఇంటికి పోతారు. పోయినప్పుడు ఒక్క పని చెయ్యండి. ఊళ్లో భూమి కాగితం ఆగినోళ్ల పేర్లు రాయండి. ఎన్నడు దరఖాస్తు పెట్టారు, ఏం జవాబు వచ్చింది, ఎన్నిసార్లు తిరిగారు, ఎంత ఖర్చయింది. నాలుగే ప్రశ్నలు. 2005 నుంచి సమాచార హక్కు చట్టం చేతిలో ఉంది, మండలాఫీసు అంకె అడిగి తీసుకోండి. మీరు రాసింది, వాళ్లు ఇచ్చింది పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదవండి. భూభారతి మంచిదా చెడ్డదా అన్నది టీవీ చర్చలో కాదు, ఆ సభలో తేలుతుంది. మంచిదని తేలితే మంచిదనే రాద్దాం. మా కలానికి అందులో చిన్నతనం లేదు.

సర్కారును అడగాల్సినవి కూడా సూటిగా అడుగుదాం. ఏ సంస్కరణైనా మొదలుపెట్టే ముందు ఇయ్యాల పరిస్థితి ఏముందో అంకెలతో ప్రకటించాలి, లేకుంటే రేపు దేనితో పోల్చాలి? పని ఎంత చేశారన్నది కాదు, పని కానోళ్లు ఎందరు మిగిలారో ప్రతి ఏడు చెప్పాలి. కొలిచేటోళ్లు సంస్కరణ చేసినోళ్ల కింద పనిచేసేవాళ్లు కావద్దు. ఆ సంస్కరణతో కొలువు ఎవరికి వచ్చింది, ఎవరికి పోయింది, ఏ ప్రాంతం మీద భారం పడింది అన్నది విడిగా రాయాలి. ఇవి గొంతెమ్మ కోరికలేమీ కావు. ఇంటికి గోడ కట్టించుకున్న మనిషి మేస్త్రిని అడిగే ప్రశ్నలే. గోడ కట్టిన మేస్త్రే వచ్చి గోడ బాగుందని సర్టిఫికెట్ ఇచ్చుకుంటే మనం ఒప్పుకుంటామా?

1952లో, 1969లో, 2009లో మూడు తరాలు కొట్లాడింది భూమి మీద, నీళ్ల మీద, కొలువు మీద మన లెక్క మనం రాసుకునే హక్కు కోసం. 2014 జూన్ 2న కలం మన చేతికి వచ్చింది. కలం వచ్చినంక లెక్క ఇంకొకరు రాస్తామంటే ఊకుందామా? ఏ సర్కారున్నా, ఏ జెండా ఉన్నా, సంస్కరణ చెయ్యడం వాళ్ల అధికారం. దాని ఫలితం ఏమిటో తేల్చి చెప్పడం మన హక్కు. ఆ హక్కును వచ్చే గ్రామసభ నుంచే, వచ్చే సోమవారం ఆఫీసు కౌంటరు కాడి నుంచే మొదలుపెడదాం.

జై తెలంగాణ.